టర్బో కారు సైలెన్సర్ శబ్దం: ఏది కదపాలి, ఏది కదపకూడదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ ఎం340ఐ కొన్నారు. బండి లాగుడు బ్రహ్మాండం, శబ్దం మాత్రం చప్పగా ఉంది. ఒక గ్యారేజీ వాళ్లు మీకో ప్యాకేజీ చెప్పారు: పొగను శుద్ధిచేసే క్యాట్ (క్యాటలిటిక్ కన్వర్టర్) లేని డౌన్‌పైప్ (టర్బోకు అంటుకుని ఉండే పైపు), శబ్దాన్ని అణిచే వెనక మఫ్లర్ పీకేసి తిన్నటి పైపు, పైన పటపటలు పుట్టించే పాప్స్ అండ్ బ్యాంగ్స్ ట్యూన్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పు). అదే బండిలో మీ అమ్మానాన్నలు కూడా ఔటర్ రింగ్ రోడ్డు మీద ఊరికి వెళ్లివస్తుంటారు. చేయించాలా వద్దా అని అడిగారు.

వద్దండి. ఆ మూడింటిలో ఏ ఒక్కటీ వద్దు. అలాగని మీ కోరికను కాదనడం లేదు. వరసగా ఆరు సిలిండర్లున్న ఇంజిన్ అది, మంచి గొంతు ఉంది. ఆ గొంతును బయటికి తీయడం ఒక పని, ఊరికే మోత పెంచడం ఇంకో పని. గ్యారేజీలు ఎక్కువగా అమ్మేది రెండోది, ఎందుకంటే అది కోత మిషన్, వెల్డింగ్ ఉంటే సాయంత్రానికల్లా అయిపోతుంది. నేను చాలాకాలంగా ఈ పైపుల పనిలోనే ఉన్నాను. మోత పెంచుకున్నవాళ్లలో చాలామంది కొన్నాళ్లకు దాన్ని తగ్గించమని తిరిగొస్తారు. తగ్గించడానికయ్యే ఖర్చు పెంచినదానికంటే ఎక్కువ.

ముందు ఈ కార్లు ఎందుకు చప్పగా ఉంటాయో చూద్దాం. సిలిండర్‌లో మంట అయ్యాక ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే ఒక ఒత్తిడి అల పైపులోకి దూకుతుంది. మనం ఇంజిన్ శబ్దం అనుకునేది ప్రధానంగా ఈ అలల వరసే. టర్బో లేని ఇంజిన్‌లో ఆ అలకు పెద్దగా అడ్డు ఉండదు. టర్బో ఉంటే దారిలోనే నిమిషానికి లక్షకు పైగా తిరిగే టర్బైన్ చక్రం ఉంటుంది. అది ఆ అలలోని శక్తిని లాక్కునే తిరుగుతుంది, ఆ తిరుగుడుతో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని తోస్తుంది, అంటే మీకు వస్తున్న 500 ఎన్ఎం టార్క్‌లో కొంత మీ చెవికి అందకుండా పోయిన శబ్దమే. దాని తర్వాత క్యాటలిటిక్ కన్వర్టర్ తేనెపట్టు, కొన్ని కార్లలో మసిని పట్టే పెట్రోల్ పర్టిక్యులేట్ ఫిల్టర్, ఆపైన రిజోనేటర్, చివర్లో మఫ్లర్. పదునైన పై స్వరాలన్నీ ఇక్కడే ఆగిపోతాయి. వెనక నుంచి వచ్చేది మొద్దుబారిన గుర్రు మాత్రమే.

పెద్ద కంపెనీలు కూడా దీని దగ్గర దెబ్బతిన్నాయి. పోర్షే 2016లో బాక్‌స్టర్, కేమన్ కార్లకు ఆరు సిలిండర్ల ఇంజిన్ తీసేసి నాలుగు సిలిండర్ల టర్బో పెట్టింది. వేగం పెరిగింది, అయినా అందరూ తిట్టింది శబ్దాన్నే. 2019-20లో టర్బో లేని 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌ను జీటీ4, జీటీఎస్ 4.0 లాంటి మోడళ్లలో మళ్లీ తెచ్చింది. సుబారు కథ ఇంకోలా ఉంటుంది. పాత డబ్ల్యూఆర్ఎక్స్‌లో ఆ డుబడుబ శబ్దం వెనక సైలెన్సర్‌లో పుట్టింది కాదు, టర్బోకు ముందున్న మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోటికి కలిపే పైపులు) పొడవులు సమానంగా లేకపోవడం వల్ల పుట్టింది. 2015 మోడల్‌లో కొత్త ఇంజిన్‌తో పైపులు సమానం అయ్యాయి, ఆ గొంతు పోయింది. ఆ తర్వాత వెనక ఎన్ని సైలెన్సర్లు మార్చినా అది తిరిగి రాలేదు.

అందుకే ముందే చెబుతున్నా: కారు స్వభావం ఇంజిన్‌లో, మానిఫోల్డ్‌లో రాసి ఉంటుంది. వెనక పైపులతో మనం చేయగలిగేది అందులో ఏ స్వరాలు వినబడాలి, ఏవి వినబడకూడదు అని ఎంచుకోవడమే. మీ బండి వి8లా మోగదు. అలా మోగిస్తానని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఇక మీ కారు సంగతి. మీరు ఇప్పుడు లోపల కూర్చుని వింటున్న శబ్దంలో కొంత నిజం కాదు. బీఎండబ్ల్యూ యాక్టివ్ సౌండ్ డిజైన్ అని స్పీకర్లలోంచి ఇంజిన్ శబ్దాన్ని కలిపి వినిపిస్తుంది, ముఖ్యంగా స్పోర్ట్ మోడ్‌లో. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు ఇదే పనికి కొన్ని మోడళ్లలో సౌండాక్టర్ అని విండ్‌షీల్డ్ కింద ఒక చిన్న పరికరం పెట్టారు, ఫోర్డ్ ఫోకస్ ఎస్టీలో ఇన్‌టేక్ నుంచి క్యాబిన్ వైపు ఒక గొట్టమే వేశారు. కాబట్టి డబ్బు పెట్టే ముందు ఒక పని చేయండి. కోడింగ్ (కారు కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) తెలిసినవాళ్లతో ఆ స్పీకర్ శబ్దాన్ని ఆపించండి, అద్దాలు దించి, గోడ పక్కన, సెకండ్ గేర్‌లో నింపాదిగా 2,000 నుంచి 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) దాకా లాగి వినండి. అప్పుడే మీ కారు అసలు గొంతు ఏమిటో తెలుస్తుంది. ఇలా విన్నాక "ఇది చాలు, ఆ దొంగ శబ్దమే అడ్డంగా ఉండింది" అని ఆగిపోయినవాళ్లు ఉన్నారు.

రెండో ఉచిత మెట్టు మఫ్లర్ వాల్వ్. మీ స్టాక్ (కంపెనీ బిగించిన) మఫ్లర్‌లోనే కరెంటుతో తెరుచుకునే వాల్వ్ ఉంది. కంఫర్ట్ మోడ్‌లో చాలా రేంజ్‌లో అది మూసే ఉంటుంది. వాల్వ్ తెరిచి ఉంచడానికి కోడింగ్ ఉంది, విడి కంట్రోలర్లూ ఉన్నాయి. కొందరు మోటార్ ప్లగ్ ఊడబీకి వదిలేస్తారు, ఆ పని చేయకండి. ఫాల్ట్ పడొచ్చు, పైగా ఇంట్లోవాళ్లు ఎక్కినప్పుడు మూసుకునే వీలూ ఉండదు. మీకు కావలసింది రెండు గొంతులున్న బండి. ఈ వాల్వ్ దాన్ని పైసా ఖర్చు లేకుండా సగం దాకా ఇస్తోంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మిగతా అంతా మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి: శబ్దం ఎంత కావాలి అని కాదు, ఏ ఆర్‌పీఎంలో కావాలి అని నిర్ణయించుకోవాలి.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. కాబట్టి ఆరు సిలిండర్లకు చుట్టుకు మూడు మంటలు. 2,000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 33 చుట్లు, అంటే సెకనుకు సుమారు వంద మంటలు, 100 హెర్ట్జ్. 3,000 దగ్గర 150, 6,000 దగ్గర 300. నాలుగు సిలిండర్ల కారైతే ఇదే 100 హెర్ట్జ్ 3,000 దగ్గర వస్తుంది. ఈ లెక్క ఎందుకంటే, మామూలు సెడాన్ క్యాబిన్ ఒక మూసిన డబ్బా. దానికి ఇష్టమైన కొన్ని లోతైన స్వరాలు ఉంటాయి, వంద హెర్ట్జ్ చుట్టుపక్కలవి వాటిలో సాధారణం. సైలెన్సర్ సరిగ్గా ఆ స్వరాన్నే వదిలిందనుకోండి, కారు మొత్తం దానితో కలిసి ఊగుతుంది. దీన్నే డ్రోన్ అంటాం. బయట నిలబడ్డవాడికి అది పెద్దగా తెలియదు. లోపల వెనక సీట్లో కూర్చున్న మీ అమ్మగారికి మాత్రం చెవుల్లో బొంయ్‌మని ఒత్తిడి, అరగంటకు తలనొప్పి.

ఔటర్ మీద లిమిట్ 120. మీ ఎనిమిది గేర్ల బాక్స్‌లో ఆ వేగం రెండు వేల ఆర్‌పీఎం లోపే వస్తుంది. చిన్న ఎత్తు వచ్చిందంటే గేర్ దిగదు, టర్బో బూస్ట్ (గాలి ఒత్తిడి) పెంచి అక్కడే లాగుతుంది. తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడ్: డ్రోన్‌కు ఇంతకంటే మంచి చోటు ఉండదు. గ్యారేజీ వాళ్లు మీకు డెమో ఇచ్చేది బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో రేజ్ చేసి. న్యూట్రల్‌లో లోడ్ ఉండదు కాబట్టి డ్రోన్ కూడా బయటపడదు. మఫ్లర్ పీకేసిన బండిని ఎవరైనా చూపిస్తే ఔటర్ మీద ఎనిమిదో గేర్‌లో, 1,500 నుంచి 2,200 మధ్య, సగం యాక్సిలరేటర్‌తో నడిపించమనండి. మీరు వెనక సీట్లో కూర్చోండి. ఈ పరీక్షకు ఒప్పుకోని షాపులో పని ఇవ్వొద్దు.

డ్రోన్‌కు మందు ఉంది. ప్రధాన పైపుకు పక్కగా, చివర మూసేసిన ఒక కొమ్మ పైపు పెడతారు, దాన్నే జే పైపు అంటారు. అందులోకి వెళ్లిన అల చివర కొట్టుకుని తిరిగొచ్చేసరికి సరిగ్గా తలకిందులై, వస్తున్న అలను చంపేస్తుంది. దాని పొడవు ఆ స్వరం తరంగ పొడవులో నాలుగో వంతు ఉండాలి. వేడి ఎగ్జాస్ట్‌లో శబ్దం మామూలు గాలిలోకంటే వేగంగా పోతుంది: 350 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 500 మీటర్లు. అంటే 100 హెర్ట్జ్‌ను చంపడానికి సుమారు మీటరూ పావు పైపు కావాలి. మీటరూ పావు పైపును సెడాన్ కింద ఎక్కడ దాస్తారు? అదే కష్టం. పేరున్న కంపెనీలు ఇదే సూత్రాన్ని రిజోనేటర్ లోపలే మడతపెట్టి అమర్చుతాయి, ఎగ్జాస్ట్‌లు తయారుచేసే ఏడబ్ల్యూఈ కంపెనీ వాళ్ల 180 టెక్నాలజీ అలాంటిదే. మన దగ్గర గ్యారేజీల్లో కొందరు కొలత లేకుండా ఏదో ఒక ముక్క అతికించి "జే పైపు వేశాం" అంటారు. పొడవు తప్పితే అది ఉత్త బరువు.

ఇక ఏ భాగం ఏం చేస్తుందో చెబుతాను, అప్పుడు ఎంచుకోవడం తేలిక. మధ్యలో ఉండే రిజోనేటర్ చిల్లులున్న గొట్టం, చుట్టూ గ్లాస్ ఊల్. అది ముఖ్యంగా పై స్వరాల గరగరను పీల్చుకుంటుంది. చవక మాడ్ (మార్పు) అని అందరూ ముందు దీన్నే కోస్తారు. ఫలితం: 3,000 దాటాక రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చికాకు గరగర. శబ్దం పెద్దగా పెరగదు, నాణ్యత మాత్రం పోతుంది. నా మటుకు నేను మఫ్లర్ మార్చినా రిజోనేటర్‌ను ఉంచుతాను, వీలైతే ఇంకా మంచిది వేస్తాను. వెనక మఫ్లర్ గదులు గదులుగా ఉండి లోతైన స్వరాలను అణిచే పని చేస్తుంది. దాన్ని పూర్తిగా పీకేస్తే వచ్చేది పైన చెప్పిన డ్రోన్. దాని స్థానంలో బాగా డిజైన్ చేసిన, వాల్వ్ ఉన్న మరో మఫ్లర్ పెడితే వచ్చేది మీరు కోరుకున్న గొంతు. వాల్వ్ మూస్తే గదుల దారి, తెరిస్తే తిన్నటి దారి.

అందుకని నా సలహా: వెనక మఫ్లర్ భాగం మాత్రమే, వాల్వులతో, మీ మోడల్‌కే తయారైనది. స్లొవేనియాకు చెందిన అక్రపోవిచ్, ఆస్ట్రియా రీమస్, జర్మనీ ఐజెన్‌మాన్, తైవాన్ ఆర్మీట్రిక్స్, బ్రిటన్ మిల్‌టెక్, అందరికీ ఈ ఇంజిన్ బాగా తెలుసు. టయోటా జీఆర్ సుప్రాలో ఉన్నదీ ఇదే బీ58 ఇంజిన్ కాబట్టి ప్రపంచం మొత్తం దీనిమీద పని చేసింది. యూరప్ అనుమతి ముద్ర ఉన్న సైలెన్సర్ అయితే మరీ మంచిది. అది ఇక్కడ చట్టానికి సరిపోతుందని కాదు, శబ్దం కొలిచి తయారుచేశారని ఆ ముద్ర చెబుతుంది. ముందు డీలర్ దగ్గర బీఎండబ్ల్యూ సొంత ఎం పర్ఫార్మెన్స్ యాక్సెసరీల్లో మీ మోడల్‌కు సైలెన్సర్ దొరుకుతుందేమో, వారంటీ సంగతేమిటో రాతపూర్వకంగా అడగండి. టైటానియం మీద మోజు పడొద్దు. బరువు తగ్గుతుంది నిజమే, కానీ పల్చటి గోడ వల్ల గొంతు కాస్త లోహపు మోతగా ఉంటుంది. రోజూ ఆఫీసుకు తిరిగే సెడాన్‌కు స్టీలే హాయి.

డౌన్‌పైప్ గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే గ్యారేజీ వాళ్లు చెప్పినదాంట్లో సగం నిజం. టర్బోను అంటిపెట్టుకుని ఉండే పైపు కాబట్టి దాన్ని మార్చితే శబ్దం బాగా మారుతుంది. టర్బైన్ తర్వాత అడ్డు తగ్గితే టర్బో తేలిగ్గా తిరుగుతుంది, బూస్ట్ త్వరగా వస్తుంది, పవర్ కూడా పెరుగుతుంది. కానీ అది పవర్ మాడ్, శబ్దం దానితో పాటు ఉచితంగా వచ్చే గొడవ. క్యాట్ తీసేస్తే మొదట వచ్చేది వాసన. సిగ్నల్ దగ్గర ఆగితే కాలీకాలని పెట్రోల్ వాసన ఏసీలోంచి లోపలికి వస్తుంది. వెనక ఆక్సిజన్ సెన్సర్ క్యాట్ పనిచేయడం లేదని గుర్తుపట్టి చెక్ ఇంజిన్ లైట్ వేస్తుంది, పీ0420 లాంటి కోడ్‌తో. "దాన్ని ట్యూన్‌లో మూసేస్తాం" అంటారు. దానికి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) తెరవాలి, 2020 మధ్య నుంచి తయారైన బీఎండబ్ల్యూ ఈసీయూలు తాళంతోనే వస్తున్నాయి. మన దగ్గర ఎం340ఐ అమ్మకానికి వచ్చిందే 2021 మార్చిలో, అదీ చెన్నై ప్లాంటులో బిగించి. కాబట్టి మీ బండికి తాళం తప్పదు, తీయించడానికి వేరే ఖర్చు, వేరే రిస్క్. 200 సెల్స్ హై ఫ్లో క్యాట్ (పెద్ద రంధ్రాలతో పొగను తేలిగ్గా వదిలేది) ఉన్న డౌన్‌పైప్ మధ్యేమార్గం అంటారు. పవర్ కోసం అయితే ఆలోచించొచ్చు, శబ్దం కోసం అయితే అనవసరం. పర్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న కారులో దాన్ని పీకించడం గురించి నేను మాట్లాడను కూడా.

పాప్స్ అండ్ బ్యాంగ్స్. దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఈసీయూ మామూలుగా పెట్రోల్ ఆపేస్తుంది. ఈ ట్యూన్ చేసేది దానికి విరుద్ధం: పెట్రోల్ పోస్తూనే ఇగ్నిషన్‌ను (నిప్పురవ్వను) ఆలస్యం చేసి, మంటను సిలిండర్‌లోంచి ఎగ్జాస్ట్‌లోకి నెడుతుంది. ఆ పటపట శబ్దం మీ టర్బైన్ పక్కన, క్యాట్ ముఖం మీద పేలుతున్న మంట. కంపెనీ వాళ్లు స్పోర్ట్ మోడ్‌లో పెట్టే చిన్న గుడగుడ క్యాట్ ఉష్ణోగ్రతను చూసుకుంటూ నడుస్తుంది. బయటి ట్యూన్లలో చాలావాటికి ఆ జాగ్రత్త ఉండదు. క్యాట్ లోపలి సిరామిక్ కరగొచ్చు, విరగొచ్చు. ఆ ప్యాకేజీలో క్యాట్ లేని డౌన్‌పైప్, పాప్స్ ఎందుకు జంటగా అమ్ముతారో ఇప్పుడు అర్థమైంది కదా? ముందు క్యాట్ ఉంటే అది చస్తుంది, అందుకని ముందే తీసేస్తారు. టర్బైన్‌ను మాత్రం తీయలేరు. ఇవన్నీ పక్కన పెట్టినా, రాత్రి పదకొండింటికి కొండాపూర్ సందుల్లో తుపాకి పేల్చినట్టు శబ్దం చేసుకుంటూ పోయేవాణ్ని చూసి జనం "ఇన్‌లైన్ సిక్స్ ఎంత బాగుందో" అనుకోరు.

చాలామంది పట్టించుకోనిది ఒకటి చెబుతాను: టర్బో కారులో సగం ఆనందం ముందు వైపు ఉంది. గాలి పీల్చుకునే శబ్దం, టర్బో ఈల, యాక్సిలరేటర్ వదలగానే వచ్చే ఆ చిన్న ఊపిరి, ఇవన్నీ ఇన్‌టేక్ వైపువి. మంచి ఇన్‌టేక్ మార్చితే లోపల కూర్చున్న మీకు బాగా వినిపిస్తుంది, పక్క ఫ్లాట్ ఆయనకు అంతగా వినిపించదు. రెండు జాగ్రత్తలు. మొదటిది, బానెట్ కింద తెరిచి పెట్టే కోన్ ఫిల్టర్ వద్దు. మే నెల మధ్యాహ్నం హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో అది ఇంజిన్ వేడి గాలినే పీలుస్తుంది, ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది, బండి మందగిస్తుంది. మూసిన పెట్టె ఉన్నది, బయటి గాలి తీసుకునేది ఎంచుకోండి. రెండోది, యాక్సిలరేటర్ వదలగానే మిగిలిన గాలిని బయటికి ఊదే బ్లో ఆఫ్ వాల్వ్ మోజు. మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్‌తో గాలిని లెక్కపెట్టే కార్లలో, లెక్కపెట్టిన గాలిని బయటికి వదిలేస్తే ఈసీయూ ఆ గాలి ఉందనుకుని పెట్రోల్ పోస్తుంది. గేర్ గేర్‌కూ మిశ్రమం చిక్కబడుతుంది. మీ కారులో ఆ "ఫ్‌ష్షూ" కోసం ఏమీ మార్చకండి.

అపార్ట్‌మెంట్ సెల్లార్ విషయం కొనేముందే ఆలోచించాలి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు క్యాట్‌ను త్వరగా వేడెక్కించడానికి ఈసీయూ ఐడిల్ పెంచి, ఇగ్నిషన్ ఆలస్యం చేస్తుంది. అప్పుడు కారు కాసేపు మామూలు ఐడిల్ కంటే చాలా గట్టిగా మోగుతుంది. చుట్టూ కాంక్రీటు గోడలు, కప్పు, ఎక్కడా పీల్చుకునే వస్తువు లేదు. రోడ్డు మీద ముద్దుగా ఉన్న సైలెన్సర్ సెల్లార్‌లో అసోసియేషన్ మీటింగ్‌లో ఎజెండా అయి కూర్చుంటుంది. కాబట్టి స్టార్ట్ అవుతున్నప్పుడు వాల్వులు మూసి ఉండేలా పెట్టుకోగలమా అని కొనే ముందే అడగండి. దీనికి సరైన జవాబు ఇవ్వగలిగితే ఆ అమ్మేవాడికి పని తెలిసినట్టే.

ఇప్పుడు చట్టం. తీపిగా చెప్పలేను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. 2019 సవరణ తర్వాత యజమాని అలా మార్చితే 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు. శబ్దం, పొగ నిబంధనలు ఉల్లంఘిస్తే 190(2) కింద మొదటిసారి 10,000 దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్స్‌కు అనర్హత. కొత్త కార్లకు మన దగ్గర పాస్ బై పరీక్షలో (పక్కనుంచి దూసుకుపోయే కారు శబ్దాన్ని కొలిచేది) పరిమితి 74 డెసిబెల్స్. పదేసి డెసిబెల్స్ పెరిగితే చెవికి సుమారు రెట్టింపు మోతగా తోస్తుంది, కాబట్టి మఫ్లర్ పీకేసిన బండి ఎంత దూరం పోతుందో మీరే ఊహించుకోండి. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా అనుమతించే పరిసర శబ్దమే 45 డెసిబెల్స్. పొల్యూషన్ సర్టిఫికెట్ బండి నిలబెట్టి తీసేది, అది పాస్ అయిందంటే మార్పు చట్టబద్ధం అయినట్టు కాదు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్చి, ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర అది గొడవగా మారుతుంది. అందుకే కోడింగ్, స్టాక్ వాల్వ్, కంపెనీ యాక్సెసరీ, ఈ మూడింటి దాకా నేను ధైర్యంగా చెబుతాను. ఆపైన వేసేది మీ పూచీ మీద. నిజంగా గొంతెత్తి అరిపించాలనిపిస్తే చెన్నై దగ్గర ట్రాక్, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నాయి, ట్రాక్ డేలు జరుగుతుంటాయి.

అమెరికాలో, యూరప్‌లో ఉన్న మనవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. అమెరికాలో క్యాట్ తీయడం ఫెడరల్ చట్టం ప్రకారమే చట్టవిరుద్ధం, ఏ రాష్ట్రంలో ఉన్నా. కాలిఫోర్నియాలో మామూలు కార్లకు సైలెన్సర్ పరిమితి 95 డెసిబెల్స్. క్యాట్ వెనక భాగం మార్చుకోవచ్చు కానీ ఆ పరిమితి దాటకూడదు. యూరప్‌లో 2016 నుంచి దశలవారీగా వస్తున్న శబ్ద నిబంధనల్లో మామూలు కార్లకు 72, 70, 68 అని తగ్గుతూ పోతోంది. బాగా శక్తిమంతమైన కార్లకు కాస్త వెసులుబాటు ఉన్నా దిశ అదే. అందుకే కొత్త మోడళ్లు స్టాక్‌లో మరీ మౌనంగా వస్తున్నాయి.

ఎవరితో బిగించినా పని నాణ్యత చూడటం మీకు తెలియాలి. వంపుల దగ్గర పైపు నలిగి సన్నబడకూడదు, మాండ్రెల్ బెండ్ (లోపల అచ్చు పెట్టి వంచడం) అయితే వంపులో కూడా వ్యాసం అంతే ఉంటుంది. వెల్డింగ్ టిగ్ అయి ఉండాలి, లోపల ఆర్గాన్ పోసి చేయాలి. లేకపోతే పైన అందంగా కనిపించే అతుకు లోపల బొగ్గులా గడ్డకట్టి, తర్వాత అక్కడే చిట్లుతుంది. స్టీల్ 304 అని చెప్పి వేరేది వేస్తారు. అయస్కాంతం పెట్టి చూడమని అందరూ చెబుతారు, అంటుకుంటే అది 409 రకం స్టీల్ అని దొరికిపోతుంది. కానీ చవకైన 201 కూడా అయస్కాంతానికి అంటదు, తుప్పు మాత్రం ముందు పడుతుంది. కాబట్టి బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి. ఫ్లెక్స్ జాయింట్ (ఊగడానికి వీలిచ్చే మెత్తటి అతుకు) తీసేసి గట్టి పైపు వేస్తే ఇంజిన్ ఊగినప్పుడల్లా ఆ బరువంతా టర్బో బోల్టుల మీద పడుతుంది. కింద వేలాడే భాగం మన స్పీడ్ బ్రేకర్లకు తగలకూడదు, నలుగురు కూర్చున్నాక చూడండి, ఖాళీ బండిలో కాదు.

బిగించాక స్టాక్‌తో పోల్చి కొలవండి. ఇంజిన్ వేడెక్కాక, పైపు నోటికి అరమీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో ఫోన్ పెట్టి, 3,750 ఆర్‌పీఎం దగ్గర నిలిపి చూడండి. నిలబడి ఉన్న బండి శబ్దాన్ని కొలిచే అంతర్జాతీయ పద్ధతిలో మీ ఇంజిన్ లాంటి వాటికి వాడే ఆర్‌పీఎం ఇదే. ఫోన్ యాప్ చూపే అంకెను నమ్మకండి, మార్చకముందు, మార్చాక ఎంత తేడా వచ్చిందో మాత్రం నమ్మొచ్చు, అదే ఫోను, అదే చోటు అయితే. కొన్ని నెలలకు మళ్లీ కొలవండి. చవక మఫ్లర్లలో గ్లాస్ ఊల్ కాలి, ఊడి, గాలిలో కలిసిపోతుంది. గొంతు నెమ్మదిగా పెరుగుతూ పోతుంది, రోజూ నడిపే మీకు ఆ తేడా తెలియదు.

పీకిన స్టాక్ మఫ్లర్‌ను గ్యారేజీలో వదిలేయకండి, "పాతది మాకిస్తే కొంత తగ్గిస్తాం" అంటే ఒప్పుకోకండి. రబ్బర్ హ్యాంగర్లు, క్లాంపులు, వాల్వ్ మోటార్‌తో సహా ఇంటికి తెచ్చుకోండి. వారంటీ పనికి, ఆర్టీఓ దగ్గరకు, రేపు బండి అమ్మేటప్పుడు అది మళ్లీ ఎక్కాలి. అందుకే కోసి వెల్డ్ చేసే పని కాకుండా బోల్టులతో ఎక్కి దిగే సెట్టే కొనండి.